ఆవాలు పడనివాళ్ళకి బరంపురంలో ఒక మెస్

గిరి రోడ్డు పక్క సందులో బోర్డు కూడా లేని చిన్న మెస్, నాలుగు బల్లలు, పిన్నీ బాబాయీ ఇద్దరే చూసుకుంటారు, భోజనం ఎనభై రూపాయలు. మూడేళ్ళుగా తింటున్నా కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

నాకు ఆవాలు పడవు. తిన్న అరగంటలో మెడ దగ్గర దురద మొదలై మోచేతుల దాకా దద్దుర్లు తేలిపోతాయి. మొదట్లో రొయ్యలనుకున్నాం, తర్వాత వంకాయ అనుకున్నాం, మా అత్తగారు రెండూ మాన్పించేసారు, అయినా తగ్గలేదు. చివరికి స్కిన్ డాక్టరుగారు ఏం తిన్నానో ఎప్పుడు తిన్నానో నోట్ బుక్కులో రాయమన్నారు, ఐదు వారాలు రాసాక అనుమానం ఆవాల మీదకొచ్చింది, చర్మం మీద సూదితో గీకి చూసే ప్రిక్ టెస్టులో కూడా అదే తేలింది. తెలుగింట్లో పుట్టి ఆవకాయ ముట్టకుండా ఉండడం ఒకెత్తయితే ఒడిశాలో ఉండి ఆవాలు తప్పించుకోవడం ఇంకో ఎత్తు. ఇక్కడ ఎక్కువమంది వాడేది ఆవనూనె, బేసర అంటేనే ఆవముద్ద, పంచఫుటన పోపులో ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర అన్నీ కలిసే ఉంటాయి, ఏరి తీసేది కాదు. ప్యాకెట్లు చదివినా లాభం తక్కువ, పాలు, గుడ్డు, చేప, వేరుశెనగ, సోయా ఉంటే అలెర్జీ అని విడిగా వెయ్యాలని మన దేశంలో రూలుంది గానీ ఆ లిస్టులో ఆవాలు లేవు.

ఒక పెద్ద హోటల్లో రెండుసార్లు అడిగాను, లేవు మేడమ్ అన్నాడు. పెరుగుపచ్చడిలో తేలుతున్నాయి. చూపిస్తే లోపలికి తీసుకెళ్ళి స్పూనుతో పైవి తీసేసి అదే గిన్నె మళ్ళీ తెచ్చాడు, అది తర్వాత తెలిసింది, ఆ రాత్రి ఇంజెక్షన్ చేయించుకోవాల్సొచ్చింది.

పిన్ని అలా కాదు. మొదటిరోజు చెప్పగానే వంటింట్లోకి పిలిచి పోపుల డబ్బా మూత తీసి చూపించి, "ఇందులో ఏది పడదో వేలు పెట్టి చూపించమ్మా" అంది. అప్పట్నుంచి పోపు వెయ్యకముందే నా పప్పూ చారూ చిన్న గిన్నెల్లోకి తీసి మూత పెట్టేస్తుంది, వేరే మూకుట్లో వేరుశెనగ నూనె, జీలకర్ర, ఎండుమిరపకాయతో పోపు, నా గరిటెకి కాడ దగ్గర ఎర్రదారం కట్టి ఉంటుంది, బాబాయి తొందరలో కూడా అది పొరపాటున వేరే కూరలో పెట్టడం నేనింతవరకు చూళ్ళేదు. అరటికాయకి ఆవ పెట్టిన రోజు తనే ఫోన్ చేసి, "ఈవేళ నీకేం లేదమ్మా, రాకు" అంటుంది. ఆ మాట చెప్పేవాళ్ళు దొరకడమే నాకు పెద్ద విషయం, వ్యాపారం పోతుందని ఎవరూ చెప్పరు.

రుచి సంగతి, బచ్చలి పప్పు చాలా బాగుంటుంది, చారు కొంచెం పలచన. చేపల వేపుడు మాత్రం మీకూ ఆవాలు పడకపోతే తీసుకోకండి, పెనం ఒక్కటే, నూనె మిగతావాళ్ళ కోసం ఆవనూనే. బల్లమీద ఊరగాయ జాడీ స్పూను కూడా పప్పు గిన్నెలోకి రాకుండా చూసుకోండి. పెదవులు, నాలుక వాచినా ఊపిరాడకపోయినా మాత్ర వేసుకుని కూర్చోకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళిపోవాలి, ఇది మా డాక్టరుగారు నాకు గట్టిగా చెప్పిన మాట.

ఆదివారం సెలవు. పొద్దున్న పది లోపు చెప్తేనే గిన్నె విడిగా తీస్తుంది, ఒంటిగంట దాటి వెళ్తే అన్నం, గడ్డపెరుగే మిగులుతాయి.