1911 జనాభా లెక్కలు: ఇంగ్లండ్, ఐర్లాండ్

ఇంగ్లండ్ పూర్వీకుల కోసమైతే 1841 నుంచి 1921 దాకా పదేళ్లకోసారి రికార్డు దొరుకుతుంది. కాకపోతే అసలు కాగితం చూడాలంటే చాలాసార్లు డబ్బు కట్టాలి.

ఐర్లాండ్‌వి పూర్తిగా మిగిలినవి 1901, 1911 మాత్రమే. 1861 నుంచి 1891 దాకా ఉన్నవాటిని ప్రభుత్వమే నాశనం చేయించింది. అంతకుముందువి చాలావరకు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల మంటల్లో పోయాయి. ఎంత నష్టమో! ఆ మిగిలిన రెండూ ఐర్లాండ్ జాతీయ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం.

అయినా 1911 ఫారాల్లో నాకు ఐర్లాండ్‌దే ఇష్టం. ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్న గడులు రెండు దేశాల్లోనూ ఉన్నాయి. మతం, చదవడం రాయడం వచ్చా, ఐరిష్ భాష వచ్చా అన్నవి మాత్రం ఐర్లాండ్ ఫారంలోనే కనిపిస్తాయి. రాయడం రానివాళ్ల సంతకం చోట ఇంటూ గుర్తు ఉంటుంది. అది చూస్తే మనసు ఆగిపోతుంది.

వయసు మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. 1909లో వృద్ధాప్య పింఛను మొదలయ్యాక, దానికోసం వయసు ఎక్కువ చెప్పి, 1901కీ 1911కీ మధ్య పదేళ్లలోనే పదిహేనేళ్లు పెరిగినవాళ్లున్నారు.