మెరుపు అక్షరాల గిఫ్‌కు గింప్ చాలు

పండక్కి 'సంక్రాంతి' అని మిలమిలలాడే గిఫ్ (కదిలే బొమ్మ) చేయడానికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఫొటోలు, బొమ్మలు దిద్దే గింప్ ఉచితం. పైగా యూనికోడ్ తెలుగును శుభ్రంగా చూపిస్తుంది; 'క్రాం'లో రావత్తు విడిపోదు, సున్నా జారిపోదు. తెలుగువాళ్లకు నేను ముందు దీన్నే చెప్పడానికి కారణం అదే.

సన్నటి ఫాంట్‌లో మెరుపు కనబడదు. రామభద్ర లాంటి మందపాటిది తీసుకోండి. 600×250 పిక్సెళ్ల ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద 100 సైజులో బంగారు రంగు అక్షరాలు వేసి, ఆ రెండు లేయర్లనూ (ఒకదాని మీద ఒకటి ఉండే పొరలను) మూడేసి అయ్యేలా కాపీ చేయండి. ప్రతి అక్షరాల లేయర్‌కూ ఫిల్టర్స్, నాయిస్‌లోని హెచ్ఎస్‌వీ నాయిస్ (చుక్కలు చల్లే ఫిల్టర్) ఇవ్వాలి. హ్యూ (రంగు) 0కి దించి, వాల్యూ (వెలుగు) పెంచండి. హ్యూ ఎక్కువైతే బంగారం పోయి రంగురంగుల చుక్కలు మిగులుతాయి. మూడింటికీ ర్యాండమ్ సీడ్ (చుక్కలు ఎలా పడాలో నిర్ణయించే అంకె) వేరుగా ఉండాలి, లేకపోతే అసలు కదలికే రాదు. ఒక్కో అక్షరాల లేయర్ కింద ఒక్కో బ్యాక్‌గ్రౌండ్ పెట్టి మెర్జ్ డౌన్‌తో రెంటినీ ఒకటిగా కలిపితే మూడు ఫ్రేములు సిద్ధం.

ఎక్స్‌పోర్ట్‌లో 'యాజ్ యానిమేషన్' టిక్ మరిచిపోతే కదలని బొమ్మే వస్తుంది. ఒక్కో ఫ్రేమ్ నిలిచే సమయం, అంటే డిలే, 100 మిల్లీసెకన్లు బాగుంటుంది.

లోపాలూ ఉన్నాయి. టైమ్‌లైన్ లేదు, కాబట్టి అక్షరాలు ఎగిరి వచ్చి వాలాలంటే ప్రతి ఫ్రేమూ చేత్తో జరపాలి. ఆ పనికి ఇది వద్దు. గిఫ్‌లో 256 రంగులే, సగం పారదర్శకత ఉండదు. అందుకే బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తే అంచులు రంపంలా తేలతాయి. నాయిస్ సరిగా కుదించుకోదు కనుక ఫ్రేములు పెంచేకొద్దీ ఫైలు బరువెక్కుతుంది. మూడు చాలు.