పత్తమడై తుంగచాప: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా వాడాలి

పత్తమడై చాప పరిచి చూపించగానే కళ్లు రంగుల మీదికే పోతాయి. ముందు చూడాల్సింది తుంగ పోచను, మగ్గం మీద నిలువుగా కట్టే పడుగు దారాన్ని. తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలోని ఈ ఊళ్లో లబ్బై ముస్లిం కుటుంబాలు తరాలుగా నేస్తున్న ఈ చాపలకు భౌగోళిక గుర్తింపు ఉంది. తమిళులు కోరై అనేది మన తుంగ జాతే. కాలవ గట్టున చూస్తే గడ్డిలాగే అనిపిస్తుంది గానీ వరి కాడకీ దీనికీ పోలిక లేదు. వరి కాడ గుండ్రంగా, కణుపులతో, లోపల బోలుగా ఉంటుంది. తుంగ పోచ మూడు పలకలుగా ఉంటుంది, మధ్యలో కణుపుండదు, లోపలంతా తెల్లటి బెండు. కణుపు అడ్డం రాదు కాబట్టే నిలువునా ఒకే తీరున చీలుతుంది. చాప అందమంతా ఆ చీలికలోనే ఉంది.

పోచను పచ్చిగా కోసి, చీల్చి, బెండు గీకేసి ఎండబెడతారు. మామూలు చాపకు ఇంతే చాలు. సన్న చాపకైతే ఎండిన పోచను పారే నీటిలో కొన్ని రోజులు నానేస్తారు. ఉబ్బిన పోచను ఆరబెట్టి మళ్లీ దారమంత సన్నగా చీలుస్తారు. నానడం చాలకపోతే చీల్చేటప్పుడు తెగిపోతుంది, ఎక్కువైతే కుళ్లి నల్లబడుతుంది. సన్న చాపలో అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ఈ దశలోనే తేడా వచ్చిందని అనుమానించాలి. అది ఉతికితే పోయే మరక కాదు.

నేత ఎంత సన్నదో చెప్పడానికి అమ్మేవాళ్లు నూరు కౌంట్, నూట నలభై కౌంట్ అంటారు. ఆ మాటతో ఆగకండి. స్కేలు పెట్టి ఒక అంగుళంలో ఎన్ని పడుగు దారాలున్నాయో మీరే లెక్కపెట్టండి. చాప మధ్యలో ఒకసారి, అంచు దగ్గర ఒకసారి లెక్కిస్తే నేత సమంగా ఉందో లేదో తెలుస్తుంది. తర్వాత చాపను వెలుతురుకు ఎత్తి పట్టండి. సన్నటి గీతల్లా వెలుగు వస్తే పేక, అంటే అడ్డంగా నేసే పోచ, సరిగా బిగించలేదు. అలాంటిది వాడేకొద్దీ జరిగి కంతలు పడుతుంది. మూల దగ్గర ఒక పోచను గోటితో వంచండి. పచ్చిమీద కోసి నిదానంగా ఆరబెట్టింది వంగుతుంది, ముదిరిపోయింది చిట్లుతుంది. తడి తెల్లగుడ్డతో ఎరుపు రంగు మీద గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ చాప మీద లేతరంగు దుప్పటి పరవడం కష్టం. చివరగా వాసన. ఎండుగడ్డి వాసనైతే మంచిదే, ముక్కిన వాసన వస్తే గోదాములో చెమ్మ పట్టిందన్నమాట.

అసలు కిటుకు అంచులో ఉంటుంది. పేక పోచ అంచు దాకా వచ్చి వెనక్కి మళ్లిందా, లేక కత్తిరించి గుడ్డ కింద దాచి కుట్టారా? గుడ్డను కొంచెం లాగి చూస్తే తెలిసిపోతుంది. మళ్లిన అంచు చాలా ఏళ్లు ఉంటుంది. కోసిన అంచుకు ఆ గుడ్డే ఆధారం.

రోజూ పడుకోవడానికైతే నూరు కౌంట్ పైబడిన సన్న చాప వద్దు. అది బట్టలా మడతపడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది, వధూవరుల పేర్లు నేయించి పెళ్లికి ఇవ్వడానికి దాన్ని మించింది లేదు. కానీ మంచం కోడు, కుర్చీ కాలు జరిగినా పడుగు తెగుతుంది. రోజువారీ వాడకానికి చేతిమగ్గం మీద నేసిన మధ్యరకం, నూలు పడుగు ఉన్న 6×3 లేదా 6×4 అడుగుల చాప చక్కగా సరిపోతుంది. కావేరి ఒడ్డున ముసిరి, కరూరు వైపు నుంచి వచ్చే మరమగ్గం కోరై చాపలూ వాడకానికి బాగానే ఉంటాయి. పడుగు నైలానుదైతే మాత్రం ఆలోచించండి. నైలాను చెమ్మను పెద్దగా పీల్చదు, తుంగ మాత్రం చెమ్మకు ఉబ్బి మళ్లీ తగ్గుతుంది. ఆ రాపిడికి పోచ దారం దగ్గరే విరుగుతుంది. ఈతచాప ఇంకా మొరటుగా ఉంటుంది, కొసలు గుచ్చుకుంటాయి, పసిపిల్లలకు పనికిరాదు. ప్లాస్టిక్ చాప తుడవడానికి తేలికే, కానీ చెమటను అస్సలు పీల్చదు. తుంగ పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. ఎండాకాలం రాత్రి ఆ తేడా వీపుకే తెలుస్తుంది.

పీల్చే గుణమే దీని బలహీనత కూడా. చాప కింద నీరు అంటామే, ఇక్కడ అది అక్షరాలా నిజం. బండల మీద, కొత్త సిమెంటు నేల మీద రోజుల తరబడి పరిచి ఉంచితే నేల చెమ్మ అడుగున చేరి నల్లటి బూజు చుక్కలు వస్తాయి. పొద్దున లేవగానే ఎత్తి గోడకు ఆనించి పెడితే చాలు, సగం బెడద తీరుతుంది. బూజు కనబడితే నీళ్లలో కొద్దిగా వెనిగర్ కలిపి, పిండిన గుడ్డతో పోచ వాలున తుడిచి, రెండు వైపులా నీడలో ఆరబెట్టండి. బకెట్లో ముంచకండి, పైపుతో కడగకండి. నూలు పడుగు ముడుచుకుని చాప అలలు తేలుతుంది, మళ్లీ చదును కాదు. మండుటెండలో గంటలకొద్దీ వేస్తే పోచ పెళుసెక్కుతుంది.

దాచేటప్పుడు మధ్యరకాన్ని మడత పెట్టకండి. మడత గీత వెంబడే పోచలు విరుగుతాయి. మూడు అంగుళాల పైపుకు వదులుగా చుట్టి, పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే కింది అంచు బరువుకు నలుగుతుంది. చుట్టలో ఎండిన వేపాకు వేస్తే పురుగు పట్టదు. అంచు గుడ్డ ఎక్కడైనా ఊడితే ఆ రోజే నూలు దారంతో, పోచను గుచ్చకుండా పోచల సందుల్లోంచి సూది తీస్తూ కుట్టేయండి. వారం ఆలస్యమైనా చివరి పడుగు దారాలు జారి చాప ఆ మూల నుంచి విడిపోతూ వస్తుంది.