ట్యాంకు లోపలి పూత: నాలుగేళ్ల తర్వాత

పాత డీజిల్ లారీని పెరట్లో పెట్టుకుని బాగుచేసుకున్నవాళ్లు ఇంజన్ గురించో రంగు గురించో చెబుతారు. నా కడుపుమంటంతా తుప్పు పట్టకుండా డీజిల్ ట్యాంకు లోపల పోసే పూత మీద. రెండు డబ్బాల్లో వస్తుంది. కలిపి ట్యాంకులో పోసి, అన్ని వైపులా దొర్లించి, మిగిలింది వంచేసి ఆరబెడితే లోపల గాజులాంటి పొర కడుతుంది. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని వేసెయ్యమన్నాను. ఆ మాట విని వేసినవాళ్లు ఇది కూడా చదవాలి.

ట్యాంకు దించి టార్చి వేసి చూస్తే అడుగున వేలెడు మందాన ఎర్ర బురద. ట్యాంకు మధ్యలో డీజిల్ ఊగకుండా రెండు అడ్డురేకులుంటాయి. వాటి వెనక్కి చెయ్యి పోదు, చూపూ పోదు. డీజిల్ వాసన పోయేదాకా సబ్బునీళ్లతో కడిగాను. లోపల గులకరాళ్లు, పాత గొలుసు ముక్క వేశాను. పక్క పొలం బాబాయ్ దగ్గర కాంక్రీటు మిక్సరుంటే దాని డ్రమ్ముకి ట్యాంకుని తాళ్లతో కట్టి తిప్పాం. మధ్యాహ్నమంతా అదే మోత. సాయంత్రం ఇటువైపు అత్తయ్య కంచె దగ్గరికొచ్చింది. "ఏంట్రా అబ్బాయ్ ఆ దరువు? గేదె చేపడం మానేసింది. రేపు కూడా మోగించావంటే పాలకి నీ లారీనే పితుకుతా" అంది. మర్నాడు మిక్సరు జోలికి పోలేదు.

మోత లేని పద్ధతి కావాలి కదా, కరెంటుతో తుప్పు వదలగొట్టే ఎలక్ట్రోలిసిస్‌కి దిగాను. నీళ్లలో వాషింగ్ సోడా కలిపి ట్యాంకు నిండా పోసి, మూతి కన్నంలోంచి రేకుకి ఎక్కడా తగలకుండా మామూలు ఇనప ఊచ వేలాడదీశాను. బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ ట్యాంకుకి, పాజిటివ్ ఊచకి. (స్టెయిన్‌లెస్ స్టీలు ఊచ మాత్రం వద్దు, దాన్లోని క్రోమియం విషమై నీళ్లలోకి దిగుతుంది.) పైకొచ్చే బుడగలు హైడ్రోజన్. చుట్ట కాలుస్తూ చూడ్డానికొచ్చిన బాబాయ్‌ని బతిమాలి చింతచెట్టు కిందికి పంపాను. రెండు రోజులకి మూతి కింద రేకంతా బూడిదరంగుకి తిరిగింది. చూసి మురిసిపోయాను. కానీ ఈ కరెంటు ఊచకి ఎదురుగా ఉన్న రేకునే బాగా శుభ్రం చేస్తుంది, చాటునున్నదాన్ని అంతగా పట్టించుకోదు. అడ్డురేకుల వెనక చిలుం ఎక్కడిది అక్కడే ఉంది. ఆ సంగతి నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది.

పూత వేశాక వారం ఆరాలని డబ్బా మీద రాసుంది. మూడో రోజు బాబాయ్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కోత అయిపోయింది, మబ్బు కమ్ముతోంది, ఆయన మాట్లాడుకున్న బండి రాలేదు. "మిక్సరిచ్చానా, తాళ్లిచ్చానా? నాలుగు ట్రిప్పులు కొట్టలేదా నీ లారీ?" ఇచ్చిన మనిషి అడిగితే ఏమంటాం? ఆ రాత్రే ట్యాంకు బిగించి డీజిల్ పోశాను. నాలుగు ట్రిప్పులు కాస్తా తొమ్మిదయ్యాయి, అది వేరే కథ.

ఏడాది పాటు ఫిల్టరు గిన్నెలో ఒక్క ఎర్ర నలుసు లేదు. నా పొగడ్తలన్నీ అప్పటివి. అవి అబద్ధాలు కావు, కాకపోతే అప్పటికి పూత ఊడటం మొదలవలేదంతే.

రెండో ఏడాది, నిండు లోడుతో గట్టు ఎక్కుతుంటే ఇంజన్‌కి దమ్ము చాలక ఆగిపోయింది. పది నిమిషాలు ఊరుకుని సెల్ఫు కొడితే ఏమీ జరగనట్టు అందుకుంది. కిలోమీటరు పోయి మళ్లీ ఆగింది. ఫిల్టరు మార్చాను, లాభం లేదు. ట్యాంకు మూతకుండే గాలి కన్నం పూడిందేమో అనుకున్నాను. అది పూడితే మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి లాగాలి. ఏ చప్పుడూ లేదు. ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు జల్లెడ కడిగినట్టుంది. మూడోసారి ఆగినప్పుడు లైన్లో గాలి కూడా పట్టేసింది.

ఫోన్ చేస్తే బాబాయ్ ట్రాక్టరేసుకుని వచ్చాడు. తిడతాడనుకున్నా, తిట్టలేదు. ఫీడ్ పంపు దగ్గర ట్యాంకులోంచి వచ్చే సక్షన్ పైపు ఊడదీసి, తుడిచి, నోట్లో పెట్టుకోబోయాడు. నేనే ఆపి టైర్లకి గాలి కొట్టే చేతిపంపు ఇచ్చాను. మొదటి రెండు తోపులూ బిగుసుకున్నాయి. మూడో తోపుకి ట్యాంకులో గుబుక్కుమంది, ఆ వెంటనే బుడబుడమని బుడగలు. "ఇందులో ఏదో అడ్డం పడుతోంది రా. లాగినప్పుడు వచ్చి అతుక్కుంటోంది, ఆగినప్పుడు వదిలేస్తోంది" అన్నాడు. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధార వచ్చేదాకా ఫీడ్ పంపుకుండే హ్యాండ్ పంపు కొట్టి స్టార్ట్ చేశాం. ఇరవై నిమిషాలకి మళ్లీ అదే తంతు.

చివరికి ట్యాంకుని వదిలేసి, ఇరవై లీటర్ల క్యాను క్యాబిన్ వెనక కట్టి, సక్షన్ పైపు దాన్లోకి దించి ఇల్లు చేరాం. రిటర్ను పైపు కూడా క్యానులోకే పెట్టాలి. మొదట మర్చిపోయాను. మిగులు డీజిలంతా పోయి ట్యాంకులో చేరుతుంటే, క్యాను చూస్తుండగానే దిగిపోయింది.

ట్యాంకు దించి వంచితే అరచేతంత పెచ్చులు జారిపడ్డాయి. ఒకవైపు గాజులా నున్నగా, రెండోవైపు చిలుం అంటుకుని ఎర్రగా. అడుగున పూత మడుగు కట్టినచోట గోరు గుచ్చితే ఇంకా దిగుతోంది, అంటే అక్కడది ఎన్నడూ గట్టిపడలేదు. తుప్పు మీద వేసింది నేను, ఆరకుండా డీజిల్ పోసింది నేను. ఒప్పుకుంటాను. "తేలికపాటి తుప్పు మీద కూడా పట్టుకుంటుంది" అని డబ్బా మీద రాసింది మాత్రం నేను కాదు.

అయినా నా కోపం ఊడినందుకు కాదు, ఊడిన తీరుకి. తుప్పు పొడిగా రాలుతుంది. ఫిల్టరు దాన్ని పట్టుకుంటుంది, మార్చుకుంటే సరి. పూత రేకుల్లా ఊడి, ఫిల్టరు దాకా రాకుండా సక్షన్ మూతికే అడ్డం పడుతుంది. పోనీ మొత్తం తీసేద్దామంటే థిన్నరుకి లొంగదు. ట్యాంకు బాగా కడిగించి, దాదాపు పైదాకా నీళ్లు నింపించి, నిప్పురవ్వ రాకుండా ఉలితో పైన చెయ్యి దూరేంత కన్నం కోయించాను. మూడు రోజులు కూర్చుని గీకాను. కన్నానికి గాస్కెట్టుతో మూత బిగించాం. ఇన్నేళ్లలో ఈ ట్యాంకుకి జరిగిన ఒకే ఒక్క మంచి పని ఆ కన్నం. అడ్డురేకుల వెనక్కి ఇప్పుడు చెయ్యి పోతుంది.

ఈ రెండేళ్లుగా పూత లేదు. పని ముగిశాక ట్యాంకు నింపే పెడతాను, ఖాళీ జాగా లేకపోతే లోపల చెమ్మ పట్టడం తక్కువ. నీళ్లు వేరుచేసే ఫిల్టరు ఒకటి అదనంగా పెట్టుకుని, అడుగున చేరిన నీళ్లు వారానికోసారి వదులుతాను. జింకు పూసిన రేకుతో కొత్త ట్యాంకు చేయించమని ఒకరన్నారు. డీజిల్‌కి జింకు పడదు, ఫిల్టర్లు పూడిపోతాయి, అందుకే వద్దన్నాను.

నా లారీ రోజూ తిరిగేది కాబట్టి ఇలా నడుస్తోంది. నెలల తరబడి కదలని బండైతే, అడ్డురేకులు లేని చిన్న ట్యాంకైతే, వారం రోజులు ఆరనిచ్చే ఓపిక మీకూ మీ పక్కవాళ్లకీ ఉంటే, పూత నిలబడుతుందేమో. నేను మాత్రం మళ్లీ వెయ్యను.

మూత తీయని రెండో సెట్టు నా దగ్గర మిగిలిపోతే బాబాయ్ పట్టుకెళ్లాడు. ట్రాలీ పక్కరేకులు తెల్లగా మెరిసేదాకా రుద్ది, పూసి, పది రోజులు ఎండలో వదిలేశాడు. ఏడాదిన్నరైంది, పెచ్చు కాదు కదా గీత కూడా పడలేదు. నేను కనబడ్డప్పుడల్లా దాని మీద వేలితో కొట్టి చూపిస్తాడు.