విజయవాడ ఎండకు తగిన పగడాల తొట్టి కోసం చెన్నై ప్రయాణం

ఇంట్లో పగడాల అక్వేరియం పెట్టాలనుకునే విజయవాడవాళ్లు ముందుగా కొనవలసింది గాజు తొట్టి కాదు, థర్మామీటరు. తొట్టి పెట్టాలనుకున్న మూలలో రోహిణి కార్తె మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో, రాత్రి పదింటికి ఎంతకు దిగుతుందో రాసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని దుకాణాలకు బయలుదేరాలి. మా హాలు పడమటి గోడ పక్కన రాత్రి పదింటికి కూడా 35 డిగ్రీలు చూపించింది. పగడాలున్న నీరు 24 నుంచి 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. వేడి పెరిగితే పగడం తన ఒంట్లో ఉండి ఆహారం తయారుచేసి పెట్టే సూక్ష్మ శైవలాలను బయటకు నెట్టేసి తెల్లబడిపోతుంది. ఈ పది డిగ్రీల తేడాను తీర్చడమే అసలు ఖర్చు. అందుకే ప్రతి దుకాణంలోనూ మేము అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: మే నెలలో కరెంటు పోతే ఏం చెయ్యాలి? దానికి వచ్చిన జవాబును బట్టే మంచీ చెడూ తేల్చుకున్నాం.

ముందు ఊళ్లోనే తిరిగాం. విజయవాడ దుకాణాల్లో గోల్డ్‌ఫిష్‌లు, ఫ్లవర్‌హార్న్‌లు, అరోవానాలు కావలసినన్ని. మంచినీటి తొట్టెలు కట్టడంలో ఇక్కడి పనివాళ్లకు చెయ్యి తిరిగింది. ఉప్పునీటి సామాను అడిగితే మాత్రం ఫోనులో బొమ్మలు చూపించి, డబ్బు కడితే తెప్పిస్తామన్నారు. నురగతో నీటి మురికిని తీసే స్కిమ్మర్ నడిచే చప్పుడు వినకుండా, నీటిని చల్లబరిచే యంత్రం చిల్లర్ వెనక చెయ్యి పెట్టి ఎంత వేడి గాలి కొడుతుందో చూడకుండా అంత డబ్బు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. కరెంటు పని తెలిసిన మా బావమరిదిని వెంటబెట్టుకుని చెన్నైకి టికెట్లు తీశాను.

రైలు సంగతి. గూడూరు మీదుగా పోయే పినాకినిలో ఉదయం ఎక్కితే మధ్యాహ్నం దాటేసరికి చెన్నైలో దిగుతాం. 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ రేణిగుంట మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. హాయిగా ఉంటుంది కానీ, తిరుగు ప్రయాణంలో పెద్ద పెట్టెలు ఉంటాయనుకునేవాళ్లకు నా ఓటు పినాకినికే. కారు వద్దు. చేపల దుకాణాలుండే కొళత్తూరు సందుల్లో కారు నిలపడానికి చోటు వెతుక్కోవడంలోనే సగం పూట పోతుంది.

బసకు రెండు దారులున్నాయి. ఎగ్మోరు చుట్టుపక్కల లాడ్జీలు ఎక్కువ, గదులు ఫరవాలేదు, ఇడ్లీకి, కాఫీకి లోటు లేదు. కొళత్తూరుకు దగ్గరగా ఉండాలంటే విల్లివాక్కం, పెరంబూరు వైపు చూసుకోవాలి; అక్కడ గదులు ఇరుకు. మేము ఎగ్మోరులో దిగాం. లాడ్జి శుభ్రంగానే ఉంది కానీ, మూడో అంతస్తుకు లిఫ్టు లేదు. చిల్లర్ పెట్టె మెట్ల మీదుగా ఎక్కించినప్పుడు మా బావమరిది, ‘బావా, ఈసారి చేపల్ని వాటంతట అవే ఎక్కి రమ్మను’ అన్నాడు. గది తీసుకునే ముందు లిఫ్టు ఉందా, సామాను కింద పెట్టనిస్తారా అని అడగండి. ఏసీ కంటే ఈ రెండూ ముఖ్యం.

సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి లోకల్ రైలెక్కి విల్లివాక్కంలో దిగితే అక్కడి నుంచి ఆటో. కొళత్తూరు రంగు చేపల పెంపకానికి పేరుపడ్డ చోటు. ఇళ్ల వెనక సిమెంటు తొట్లలో చేపలు పెంచి నలుదిక్కులకూ పంపే కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. అయితే అక్కడ కూడా మంచినీటి చేపలదే రాజ్యం. ఉప్పునీటి దుకాణాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలా దుకాణాల్లో ఉన్నారు కాబట్టి భాషతో ఇబ్బంది పడలేదు.

మొదట వెళ్లిన పెద్ద దుకాణం చూడముచ్చటగా ఉంది. నీలం వెలుగులో ఊగుతున్న పగడాలు, నవ్వుతూ పలకరించే కుర్రాళ్లు. నా ప్రశ్న వేశాను. ‘ఏం కాదు సార్, మా దగ్గర చిల్లర్ లేకుండానే నడుస్తున్నాయి’ అన్నారు. నిజమే, నడుస్తున్నాయి. ఆ దుకాణంలో ఏసీ రాత్రింబగళ్లు ఆగదు మరి! ఏసీ గదిలో బాగున్న తొట్టిని చూసి మన హాలు గురించి ఏమీ తేల్చుకోలేం. ఇంట్లో ఒక గదికి ఇరవై నాలుగు గంటలూ ఏసీ వేసే స్తోమత ఉన్నవాళ్లకు చిల్లర్ అక్కర్లేని మాట కూడా నిజమే. మనలో ఎంతమంది అలా వేస్తాం?

ఇంకో దుకాణంలో కాసేపు కూర్చోబెట్టి, గొంతు తగ్గించి, సముద్రం నుంచి తీసిన పగడపు రాళ్లు చవకగా ఇస్తామన్నారు. లేచి వచ్చేశాం. మన సముద్రాల్లోని రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని తీయడమూ నేరమే, అమ్మడమూ కొనడమూ నేరమే. విదేశాల నుంచి వచ్చిన పగడాలైతే దిగుమతి కాగితాలు, బిల్లు చూపించమనాలి. నసిగితే వదిలేయడం మేలు. రాళ్ల కోసం పింగాణీవి, సిమెంటుతో పోత పోసినవి దొరుకుతున్నాయి. మొదట్లో బోసిగా ఉన్నా, కొన్ని నెలలకు వాటి మీద ఊదా రంగు పొర పాకి అసలు రాళ్లలాగే కనిపిస్తాయి.

మాకు నచ్చిన చోటు ఒక మేడ మీది చిన్న గది. బోర్డు కూడా సరిగా కనిపించదు. ఆ పెద్దాయన సామాను చూపించడానికి ముందే మమ్మల్ని ప్రశ్నలడిగాడు. ఏ అంతస్తు? ఏ దిక్కు గోడ? ఇన్వర్టర్ బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు? నీళ్లు ఎక్కడివి? నేను నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టి అనుకుని వెళ్లాను. అంటే 450 లీటర్లు. ఆయన వద్దన్నాడు. ‘చిల్లర్ ఎంత పెట్టగలరో చూసుకుని తొట్టి కట్టించండి. తొట్టి కట్టించాక చిల్లర్ వెతక్కండి’ అన్నాడు. ఎక్కువ అమ్ముకునే అవకాశం ఉండి కూడా తగ్గించమన్నాడు. దాంతో నేను ఇంకో దుకాణం చూడలేదు.

చివరికి కాగితం మీద తేలిన కొలత మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. తొమ్మిది ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. ఎత్తు తగ్గించి వెడల్పు ఉంచడంలో లాభముంది: చెయ్యి అడుగుదాకా అందుతుంది, వెలుగు దిగుతుంది, నీటి పైభాగం విశాలంగా ఉంటే ప్రాణవాయువు బాగా కలుస్తుంది. ఈ చివరిది తేలిగ్గా తీసుకోకూడదు. అదే వేడిలో మంచినీటితో పోలిస్తే సముద్రపు నీటిలో కరిగే ప్రాణవాయువు దాదాపు ఐదో వంతు తక్కువ. పంపు ఆగితే ముందు ఊపిరాడనిది చేపలకే.

బరువు కూడా చూసుకోవాలి. నీరు, గాజు, రాళ్లు, కింద ఉండి నీటిని వడగట్టే చిన్న తొట్టి (సంప్), స్టాండు కలిపితే 400 కిలోలు దాటుతుంది. ఇళ్ల శ్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కతో కడతారు. మా తొట్టి ఆక్రమించేది చదరపు మీటరులో సగానికి కాస్త ఎక్కువ. కాబట్టి హాలు మధ్యలో కాకుండా దూలం మీదుగా, గోడ వారన పెట్టాలి. అపార్టుమెంటువాళ్లు ఇంజనీరును ఒకసారి అడగడం మంచిది.

చిల్లర్ల సంగతికి వస్తే, డబ్బా మీద రాసే లీటర్ల లెక్క మన ఎండలకు వేసింది కాదు. సంప్‌తో కలిపి మా నీరు 300 లీటర్లు. అంతకు తగిన సైజు కంటే ఒక మెట్టు పెద్దది, పావు హార్స్‌పవరుది తీసుకున్నాం. దాని ధర తొట్టి, స్టాండు రెండింటి ధరనూ మించింది. చిన్నది కొంటే మేలో అది ఆగకుండా తిరిగి, బిల్లూ పెరుగుతుంది, అదీ త్వరగా పాడవుతుంది. చిల్లర్ నీటి వేడిని తీసి గదిలోకి కొడుతుంది. స్టాండు అరలో బిగించి తలుపు వేస్తే తన వేడి గాలినే తాను పీల్చుకుంటూ ఉంటుంది. మేము కిటికీ పక్కన, ఎగ్జాస్టు ఫ్యాను కింద చోటు చేశాం.

ఫ్యాను చాలదా అని చాలామంది అడుగుతారు. లెక్క ప్రకారం ఒక లీటరు నీరు ఆవిరైతే 200 లీటర్ల నీటిని దాదాపు మూడు డిగ్రీలు చల్లబరిచేంత వేడి పోతుంది. పొడి వడగాలి రోజుల్లో ఇది బాగానే పనిచేస్తుంది. కానీ ఆగస్టు ఉక్కలో నీరు ఆవిరి కాదు. పైగా ఆవిరైన నీటి స్థానంలో రోజూ శుద్ధమైన నీరు పొయ్యకపోతే ఉప్పు చిక్కబడుతుంది. చిల్లర్‌కు తోడుగా ఫ్యాను సరే, ఫ్యానొక్కటే అంటే విజయవాడలో కుదరదు.

ఇక కరెంటు. ఇది మా బావమరిది విభాగం. 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో పేరుకు 1800 వాట్-అవర్లు. అందులో 1300 వాడుకోవచ్చు అనుకుందాం. సంప్ నీటిని పైకి పంపే రిటర్న్ పంపు, తొట్టిలో నీటిని కదిలించే వేవ్ మేకర్, గాలి పంపు మూడూ కలిపి 50 వాట్లు. ఆ ఒక్కటే నడిపితే రోజంతా వస్తుంది. 250 వాట్ల చిల్లర్ కూడా తగిలిస్తే నాలుగైదు గంటలు, అది కూడా కంప్రెసర్ మొదలయ్యేటప్పటి పెద్ద లాగుడును ఇన్వర్టర్ తట్టుకుంటేనే. అందుకని ఇన్వర్టర్ మీద పంపులే ఉంచాం. నీరు వేడెక్కడానికి గంటలు పడుతుంది, ఊపిరాడకపోవడానికి అంతసేపు పట్టదు. లైట్లు ఆగినా కొంపలేమీ మునగవు.

ఆ పెద్దాయన చేసిన ఇంకో పని నాకు నచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తన తొట్టి పంపు ప్లగ్గు లాగేశాడు. పైనున్న నీరు గొట్టం గుండా కిందికి దిగి సంప్ అంచుకు రెండంగుళాల కింద ఆగింది. మళ్లీ ప్లగ్గు పెడితే దానంతటదే మొదలైంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఇంట్లో జరిగేది ఇదే. ఎవరి దగ్గర కొన్నా ఈ పరీక్ష మీ కళ్లముందు చేయించండి.

మిగతా సామాను త్వరగానే తేలింది. స్కిమ్మర్ చప్పుడు తక్కువున్నది చూసుకున్నాం. లైటు విషయంలో మెత్తటి పగడాలు, మష్రూమ్ పగడాలు, జోవాంథిడ్లతో మొదలుపెట్టేవాళ్లకు మధ్యరకం ఎల్‌ఈడీ సరిపోతుంది. హీటరు మా ఊరికి దండగ.

తొట్టి మాత్రం చెన్నైలో కొనలేదు. అంత గాజును లారీ పార్సిల్లో 400 కిలోమీటర్లకు పైగా పంపించి గుండెలు అరచేతిలో పెట్టుకోవడమెందుకు? కొలతలు, సంప్ బొమ్మ రాయించుకుని వచ్చి, ఊళ్లోనే 12 మిల్లీమీటర్ల గాజుతో కట్టించాం. ముందు అద్దం ఒక్కటీ ఇనుము పాలు తక్కువగా ఉండే తెల్ల గాజు వేయించాం, మిగతావి మామూలు పచ్చఛాయవే. అన్ని వైపులా ఖరీదైన గాజు అక్కర్లేదు.

నీటి కోసం సూర్యలంక వెళ్లి డ్రమ్ములు నింపుకు రావచ్చు కదా అని మా గుంటూరు బంధువులు సలహా ఇచ్చారు. బీచ్ బాగుంటుంది, వెళ్లి స్నానం చేసి రండి. నీటిని మాత్రం నమ్మలేం. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్లో కృష్ణమ్మ తెచ్చి కలిపే మంచినీరు, ఒండ్రు ఆ తీరం పొడవునా ఉప్పును పలచన చేస్తాయి. పగడాలకు వెయ్యికి 35 పాళ్ల ఉప్పు స్థిరంగా కావాలి. అక్వేరియాల కోసం అమ్మే సముద్రపు ఉప్పును ఆర్‌ఓ, డీఐ అనే రెండు శుద్ధి ఫిల్టర్లూ దాటి టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) సున్నా చూపించే నీటిలో కలుపుకోవడమే దారి. మొదటిసారి మా 300 లీటర్లకు పదకొండు కిలోల దాకా పట్టింది. వారానికి పదోవంతు నీరు మారిస్తే కిలో చొప్పున ఖర్చు. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్ను, వంటింటి ప్యూరిఫయరు ఈ పనికి రావు. వాటిలో ఖనిజాలు మిగిలే ఉంటాయి.

పరీక్ష సామానుకు చెన్నై దాకా పోనక్కర్లేదు. కైకలూరు, భీమవరం రొయ్యల రైతులు నీటిలో ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరు ఆక్వా మందుల షాపుల్లో దొరుకుతుంది. 35 పాళ్ల ద్రావణంతో సరిచేసుకుంటే చాలు. చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబులు ఆల్కలినిటీని (నీటి క్షారతను) పీపీఎంలో చెబుతాయి, దాన్ని 17.9తో భాగిస్తే పగడాల పుస్తకాల్లో వాడే కొలత డీకేహెచ్ వస్తుంది. మనకు కావలసిన ఎనిమిది అంటే ల్యాబు కాగితం మీద 143. ఈ సౌకర్యం చెన్నైవాళ్లకు కూడా ఇంత దగ్గరగా ఉండదు.

సేవల విషయానికొస్తే, మేడ మీది పెద్దాయన ఇప్పటికీ ఫోనెత్తుతున్నాడు. పార్సిల్ కంపెనీ స్కిమ్మర్ కప్పును పగలగొట్టి ఇచ్చింది. పెద్దాయన ఇంకోటి పంపాడు, పార్సిల్‌వాళ్లు మాత్రం కాగితాల చుట్టూ తిప్పుతున్నారు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి. చిల్లర్‌కు రేపు మరమ్మతు వస్తే ఎవరు చేస్తారన్నది కొనేముందే చూసుకున్నాం: లోపల ఉన్నది ఫ్రిజ్‌లలో వాడే ఆర్-134ఏ గ్యాసే కాబట్టి మా వీధి ఫ్రిజ్ మెకానిక్ చేస్తానన్నాడు.

చేపలు ఇంకా తేలేదు. తొట్టిలో మంచి బ్యాక్టీరియా నిలదొక్కుకుని అమ్మోనియా, నైట్రైటు సున్నాకు రావడానికి నెల, నెలన్నర పడుతుంది. సముద్రం నుంచి పట్టినవి కాకుండా తొట్టెల్లో పుట్టి పెరిగిన క్లౌన్ చేపల జతతో మొదలుపెడతాం. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వాటి చేత గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించారు, పైగా ఆ చేపలు గట్టిపిండాలు. ఆక్సిజన్ నింపిన సంచుల్ని థర్మకోల్ పెట్టెలో పెట్టుకుని పగటి రైల్లో తేవాలి కాబట్టి ఆ ప్రయాణం డిసెంబరులో. ఈసారి బస విల్లివాక్కంలో, కింది అంతస్తు గదిలో.