ఒక్క గుమ్మం చాలు: చిన్న నాటక బృందానికి ఏ సెట్ మేలు?

పదిమంది కూడా లేని బృందం మాది. నాటిక కట్టుకుని ఊరూరా నాటక పోటీలు జరిపే పరిషత్తులకు తిరుగుతాం. సెట్ మాట వచ్చినప్పుడల్లా మూడు దారులు కనిపిస్తాయి: అచ్చం ఇల్లులా ఉండే ప్లైవుడ్ సెట్, నల్ల తెరలు, లేదంటే ఒకటి రెండు వస్తువులతో సింబాలిక్ సెట్. మూడూ చేసి చూశాక నా ఓటు చివరిదానికే.

ప్లైవుడ్ సెట్ బలాన్ని కాదనలేం. ఒకరు ఈ తలుపు తీసుకుని వస్తుంటే ఇంకొకరు ఆ తలుపు చాటున నక్కే హాస్య నాటికకి గోడలు ఉండి తీరాలి. చిక్కల్లా మోతలోనే. సెట్ కోసం వేరే వ్యాన్ మాట్లాడాలి. ముందు నాటిక అయ్యాక దొరికే కాస్త వ్యవధిలో అంతా బిగించాలి. మేకప్ వేసుకున్న నటుడే సుత్తి పట్టుకుంటాడు, ఆ టెన్షన్ మొదటి సీన్ అంతా అతని గొంతులో వినిపిస్తుంది. భారీ సెట్టింగులకు పేరుపడ్డ సురభి నాటక సమాజం వారి సంగతి వేరు. 1885లో కీచకవధతో మొదలై, తరతరాలుగా తెరల మధ్యే పుట్టి పెరిగిన కుటుంబాలవి. ఆ పనితనాన్ని ఒక్క ప్రదర్శన కోసం అద్దెకు తెచ్చుకోలేం.

నల్ల తెరలు చౌక, సంచిలో పట్టేస్తాయి. నూలు గుడ్డే తీసుకోండి, శాటిన్ లైటు పడగానే మెరుస్తుంది. కానీ తెరలు మాత్రమే ఉంటే చోటు చూపించే భారమంతా లైటింగ్ మీద పడుతుంది. ఊరు మారితే లైట్లూ మారతాయి.

ఇక సింబాలిక్ సెట్. "మనవాళ్ళకి అర్థం కాదు" అనే మాట నేను ఒప్పుకోను. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా జడ వేస్తే సత్యభామ వచ్చిందని పోల్చుకున్న ప్రేక్షకులు మనవాళ్ళు.

రిజర్వాయరు కింద మునిగే ఊరి కథకి మేం ఒక్క ద్వారబంధం చేయించాం. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, తేలిక చెక్క. వెనక రెండు ఊతకర్రలు, వాటి మీద ఇసుక మూటలు. నాలుగు బోల్టులు తిప్పితే విడిపోతుంది, బస్సులో మాతోనే వస్తుంది. గోడలు లేవు. అయినా కోడలు గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి లేచేసరికి అక్కడ ఇల్లు నిలబడుతుంది. సర్వే చేయడానికి వచ్చిన అధికారి చెప్పులతో గడప దాటితే ఆ తప్పు హాలంతటికీ తెలుస్తుంది. లేని గోడని నటులు నమ్మాలి, అంతే. మొదటి ప్రదర్శనలో మా కుర్రాడొకడు కంగారులో గుమ్మం పక్కనుంచి నడిచొచ్చేశాడు. హాలు గొల్లుమంది, మళ్ళీ కథలోకి రావడానికి చాలాసేపు పట్టింది. అప్పటినుంచి రిహార్సల్‌లో మొదటి రోజే గోడ ఉండాల్సిన చోట సుద్దగీత గీస్తాం.

వస్తువుని ఎంచుకోవడమే అసలు పని. పంజరంలో చిలక, ఆగిన గడియారం, వేలాడే ఉరితాడు ఎన్ని నాటికల్లో చూశాం! నాటిక అయ్యేదాకా ఎవరూ ముట్టుకోని వస్తువుని ఇంటిదగ్గరే వదిలేయమంటాను. నటుడి చెయ్యి తగిలి, సీన్ మారేకొద్దీ దాని అర్థమూ మారాలి. ఒకటి చాలకపోతే నులకమంచం చేర్చండి. పరిస్తే పడక, నిలబెడితే అడ్డు, నలుగురూ భుజానికెత్తుకుంటే ఊరేగింపో, అంతిమయాత్రో.

మునిగే ఊళ్ళలో జనం ఇల్లు విడిచేటప్పుడు తలుపులు, ద్వారబంధాలు ఊడదీసుకుని పోతారు. మా ఆఖరి సీనూ అదే. తండ్రి ఇసుక మూటలు పక్కకి లాగి, గుమ్మాన్ని భుజానికెత్తుకుని నడుస్తాడు. పొద్దున కోడలు రాసిన పసుపు ఆయన తెల్ల చొక్కాకి అంటుకుని, ముందు వరసల వాళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంది.