మూడో అంకే కదా అనుకున్నా

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను పదేళ్లకు పైగా వాడుతున్నాను. సెక్యూరిటీ అప్‌డేట్ల విషయంలో నాకో గట్టి నమ్మకం ఉండేది. వర్షన్ నంబర్‌లో (3.10.6 అంటే రెండోది 10, మూడోది 6) రెండో అంకె మారితే టెన్షన్ పడాలి, మూడో అంకె మారితే కళ్లు మూసుకుని వేసేసుకోవచ్చు. కొత్తవాళ్లకీ అదే చెప్పేవాణ్ని.

2022 సెప్టెంబర్‌లో 3.10.6 తీసి 3.10.7 వేశాను. పెద్ద పెద్ద ఫాక్టోరియల్స్ (ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణిస్తే వచ్చేవి) లెక్కగట్టి ఫైల్లో రాసే స్క్రిప్ట్ ఒకటి నా దగ్గర ఏళ్లుగా నడుస్తోంది, సరదాకే. మర్నాడు చూస్తే వాల్యూ ఎర్రర్ కొట్టి ఆగిపోయి ఉంది. 2000 ఫాక్టోరియల్ అంటే 5736 అంకెలు. తమాషా ఏమిటంటే లెక్క చక్కగా అయిపోతోంది, ఆ జవాబును రాయమంటేనే మొరాయిస్తోంది! మెమరీ అనుకున్నా, డిస్క్ అనుకున్నా, సగం రోజు నా కోడ్‌నే తిట్టుకున్నా. చివరికి ఎర్రర్ మెసేజ్ తీరిగ్గా చదివితే అందులోనే ఉంది: పరిమితి 4300 అంకెలు.

అసలు సంగతి సీవీఈ-2020-10735, అంటే ఆ నంబర్‌తో జాబితాకెక్కిన ఒక భద్రతా లోపం. మనం రాసే దశాంశ అంకెల్ని కంప్యూటర్ లోపలి బైనరీలోకి (సున్నాలు, ఒకట్ల రూపంలోకి) మార్చాలన్నా, అటునుంచి ఇటు తేవాలన్నా, అంకెలు రెట్టింపైతే పట్టే సమయం దాదాపు నాలుగింతలవుతుంది. ఎవడో లక్షల అంకెల చెత్త సంఖ్య ఒకటి సర్వర్‌కు పంపితే చాలు, ప్రాసెసర్ దానితోనే కుస్తీ పడుతూ కూర్చుంటుంది. అందుకే ఆ పరిమితి పెట్టారు. పదహారు అంకెల పద్ధతి హెక్సాడెసిమల్‌కు ఈ బాధ లేదు, పరిమితీ లేదు. ఆ సీవీఈ నంబర్‌లో 2020 ఉంది, మందు వచ్చింది 2022లో. అన్నాళ్లు ఆగినవాళ్లు రెండో అంకె మారేదాకా ఆగలేకపోయారా అని అప్పట్లో మండిపోయాను.

ఇప్పుడంత కోపం లేదు. పాత వర్షన్లు వాడేవాళ్లే ఎక్కువ, వాళ్లకు చేరాలంటే మూడో అంకె అప్‌డేట్ ఒక్కటే దారి. పైథాన్‌తోపాటే వచ్చే సిస్ మాడ్యూల్‌లో దీనికోసమే ఇచ్చిన ఫంక్షన్‌కు సున్నా ఇస్తే పరిమితి ఎగిరిపోతుంది, ఆ ఒక్క లైనుతో నా స్క్రిప్ట్ లేచి కూర్చుంది. నేను ఒంటరిగా, బయటి డేటా తాకని మెషీన్‌లో ఆడుకునేవాణ్ని కాబట్టి సున్నా పెట్టుకున్నా. బయటివాళ్లు ఫారం నింపే చిన్న వెబ్ పేజీ ఒకటి నడుపుతున్నాను, అక్కడ మాత్రం 4300 జోలికి పోలేదు. అప్‌డేట్లు ఇప్పటికీ వచ్చిన వారంలోపే వేస్తాను, కాకపోతే ముందు ఆ స్క్రిప్ట్‌ను ఒకసారి నడిపి చూసుకుంటున్నా.